కుడివైపు అడుగు రేకు

పళ్ళ డాక్టరు గుమ్మంలో చెప్పులు విప్పి, వాటిని గోడవారగా సర్ది పెట్టి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, తన కారు నడుం విరిగిందని చెప్పాడు.

ఆ చెప్పడం వింటే కారు పక్కింటివాళ్ళదేమో అనుకోవాలి. సర్వేయరు దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా గొంతు చించుకుంటారు, లేకపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, కొందరైతే బల్ల గుద్దుతారు. ఈయన ఆ మూడింట్లో ఏదీ చెయ్యలేదు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచనట్టు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి సర్వేయరు మేనకోడలే లేచి దాన్ని అందుకుంది.

సర్వేయరుని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గుద్దుకున్న బళ్ళనూ కాలిపోయిన లారీలనూ చూసి, యజమాని చెప్పేది నిజమో కోతలో తేల్చడం ఒకప్పుడు ఆయన ఉద్యోగం. ఇన్సూరెన్సు కంపెనీలంటే విసుగు పుట్టాక సొంతంగా ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. బోర్డు మారింది గానీ పిలుపు మారలేదు. మేనకోడలు లా పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాసేలోపు ఖాళీగా ఉండటం ఎందుకని మావయ్య దగ్గర చేరింది. ఇప్పుడు ఆ పరీక్ష ఊసే ఎత్తడం లేదు. కోర్టులు తేల్చలేనివి మావయ్య వారంలో తేలుస్తాడని ఆమె నమ్మకం. ఆ మాట మాత్రం ఆయనతో అనదు, నెత్తికెక్కుతుందని.

డాక్టరు కథ మొదలుపెట్టాడు. కారు రేకు టాపు లేని, మడిచే గుడ్డ టాపున్న పాతకాలం కారు, రెండే తలుపులు. మూతపడ్డ ఒక హోటలు వెనక షెడ్డులో పడి ఉంటే ఆయన కొడుకు ఇష్టపడి తెచ్చుకున్నాడు. రెండేళ్ళు ఊరంతా తిప్పాడు. గుడ్డ టాపు చిరుగులు పడి వాన కురిసిన ప్రతిసారీ లోపల నీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళకి అడుగు రేకులు రెండువైపులా తుప్పు తినేశాయి. అడుగంతా తీసి కొత్త రేకులు వేద్దామని కొడుకూ, అతని స్నేహితుడు, కార్ల రేకుపని చేసే టింకరూ కలిసి అనుకున్నారు. పని మొదలుపెట్టీ పెట్టకముందే కొడుక్కి జ్వరం వచ్చింది. ఆ జ్వరంతోనే పోయాడు. ఇది రెండో ఏడు.

"పని నేను అందుకున్నాను. క్లినిక్కు నుంచి వచ్చాక బట్టలు మార్చుకుని షెడ్డుకి వెళ్తాను," అన్నాడు డాక్టరు.

ఎందుకు చేస్తున్నారని మేనకోడలు అడిగేసింది. అడిగాక నాలిక కరుచుకుంది. డాక్టరు మాత్రం ఏమీ అనుకోలేదు.

"సగంలో ఉంది కదండీ," అన్నాడు.

రేకు టాపు ఉన్న కారుకి పైకప్పు కూడా కాస్త బరువు మోస్తుంది. టాపు లేనిదానికి అడుగే వెన్ను. అందుకని అడుగు రేకు కోసి తీసేముందు తలుపు గుమ్మంలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనప పైపు ఒకటి అడ్డంగా బోల్టులతో బిగిస్తారు. అది బిగించకుండా రేకు తీస్తే కారు మధ్యలో కుంగుతుంది, తలుపు మళ్ళీ పట్టదు. ఎడమవైపు పని అలాగే జాగ్రత్తగా పూర్తయింది. కుడివైపు, అంటే స్టీరింగు వైపు, బుధవారం సాయంత్రానికి టింకరు రేకు చుట్టూ కోసి, దాన్ని ఉన్నచోటే కింది అడ్డకమ్మీల మీద పడుకోబెట్టి వెళ్ళాడు. గురువారం పొద్దున ఇద్దరూ కలిసి పైకెత్తి తియ్యాలని అనుకున్నారు. పొద్దున డాక్టరు షెడ్డు తలుపు తీసేసరికి అడ్డపైపు ఊడి గోడకి ఆనించి ఉంది. రేకు లేదు. కుడి తలుపు పైన ఇరుక్కుపోయి కింద వేలు దూరేంత సందు వచ్చింది.

అనుమానం టింకరు మీదే అన్నాడు. అతనికి రైలు పెట్టెల కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. కుడివైపు పూర్తి కాకుండానే వెళ్ళిపోతున్నాడని బుధవారం మధ్యాహ్నం డాక్టరు ఒక మాట అన్నాడు. మా వాడైతే ఇలా సగంలో వదిలేసి పోయేవాడా అని. టింకరు చేతిలో ఉన్న పానా విసిరికొట్టి, ఆ తర్వాత డాక్టరుతో మాట లేకుండా సాయంత్రం దాకా పని చేసి వెళ్ళాడు. మర్నాడు నిలదీస్తే, నేనే చేశాననుకోండి సార్ అన్నాడు. ఇంకో ముక్క చెప్పలేదు. శనివారం సాయంత్రం పోలీసు కంప్లెయింటు ఇద్దామని డాక్టరు నిర్ణయించుకున్నాడు.

"కార్ఖానావాళ్ళు కొత్తగా చేరేవాళ్ళ గురించి పోలీసుల్ని అడుగుతారు. మీ కంప్లెయింటు ఉంటే అతని ఉద్యోగం పోయినట్టే," అన్నాడు సర్వేయరు.

"తెలుసు. అందుకే ముందు మీకు చూపిద్దామని వచ్చాను. పొరపాటున ఒకరి బతుకు పాడుచెయ్యకూడదు."

ఈ మాటా అదే గొంతుతో అన్నాడు. బుధవారం రాత్రి మీరు షెడ్డుకి వెళ్ళలేదా అని సర్వేయరు అడిగాడు. రోజూ వెళ్తానని, ఆ రోజు ఇంట్లో చిన్న పని పడి వెళ్ళలేదని డాక్టరు చెప్పాడు.

శుక్రవారం పొద్దున షెడ్డులో సర్వేయరు చొక్కా చేతులు పైకి మడిచి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మావయ్య అలా కూర్చుంటే గంటదాకా లేవడని మేనకోడలికి తెలుసు. ఆమె చుట్టూ తిరిగి చూసింది. షెడ్డు శుభ్రంగా ఉంది. పానాలు సైజు ప్రకారం చెక్కకి వేలాడుతున్నాయి. కొత్త కుడి రేకు నల్లరంగు పూసి గోడ మేకుకి తగిలించి ఉంది. ఊడదీసిన అడ్డపైపు కింద మడత పెట్టిన గుడ్డ వేసి ఉంది, నేల మీద జారకుండా. బోల్టులు కిటికీ అరుగు మీద వరసగా ఉన్నాయి, దేని నట్టు దానికే తిరిగి ఎక్కించి. తాను దేన్నీ తాకలేదని డాక్టరు చెప్పాడు.

ఎడమ తలుపు తీసి వేస్తే మెత్తగా పట్టింది. కుడి తలుపు మూయబోతే ఇనుముకి ఇనుము తగిలి ఆగిపోయింది.

"పద్ధతి తెలిసినవాడి పనే మావయ్యా. నట్లు కూడా ఎక్కడివక్కడ పెట్టాడు. టింకరే," అంది మేనకోడలు చిన్న గొంతుతో.

"ఊఁ," అన్నాడు సర్వేయరు. ఆ ఊఁ కి అవునని అర్థం కాదని ఆమెకి ఈపాటికి తెలిసింది. ఆయన వెనక స్తంభం మీద బోల్టు పట్టే చిల్లు చూపించాడు. చిల్లుకి బొటనవేలు వెడల్పు దూరంలో రంగు లేచిపోయి, ఇనుము మీద కొత్త గీతలు గజిబిజిగా ఉన్నాయి. ముందు స్తంభం చిల్లు దగ్గర అలాంటివేమీ లేవు. తర్వాత ఆయన మూల ఖాళీగా ఉన్న చోటు చూపించి, పాత రేకులు ఏమయ్యాయని డాక్టరుని అడిగాడు. గురువారం పొద్దున స్క్రాపువాడు వచ్చి అన్నీ ఎత్తుకెళ్ళాడన్నాడు డాక్టరు. కుడివైపుది కూడానా అంటే, అదీ ఆ కుప్పలోనే ఉండి ఉంటుందన్నాడు. చెత్తని ఎవరు లెక్కబెడతారన్నట్టు ఉంది ఆయన ముఖం.

ఇంట్లో డాక్టరు భార్య టీ ఇచ్చింది. కుడిచేతి వేళ్ళు నాలుగూ కలిపి కట్టు కట్టి ఉంది. ట్రే ఎడమచేత్తో మోసుకొచ్చి, ఎడమచేత్తోనే పోయబోతే టీ సాసర్లో ఒలికింది. మేనకోడలు లేచి కెటిల్ అందుకుంది. కూర తరుగుతుంటే తెగిందని ఆవిడే చెప్పింది, ఎవరూ అడక్కముందే. కొడుకు పోయాక తాను షెడ్డులో అడుగు పెట్టలేదనీ, ఆ కారు సంగతులు తనకి తెలియవనీ అంది. ఆవిడ మాట కూడా భర్త మాటలాగే ఎత్తుపల్లాలు లేకుండా ఉంది. ఆ ఇంట్లో గోడగడియారం ఒక్కటే కాస్త గట్టిగా మాట్లాడుతోందని మేనకోడలికి అనిపించింది.

లేచి వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "నిజంగా ఆ అబ్బాయిని పోలీసులకి పట్టిస్తారా బాబూ?"

డాక్టరుగారు అలాగే అంటున్నారని సర్వేయరు చెప్పాడు. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు కూతురు రెండు వీధుల అవతల కొరియరు ఆఫీసులో కౌంటరు చూస్తుంది. పార్సిళ్ళ మీద ముద్రలు కొడుతూనే మాట్లాడింది. పాతకార్లు కొనే షావుకారు ఒకడు ఆ కారు అడిగాడనీ, అమ్మేద్దామని తాను పోరుతూనే ఉన్నాననీ దాపరికం లేకుండా చెప్పింది.

"నాన్న వస్తాడు, బట్టలు మార్చుకుంటాడు, షెడ్డుకి పోతాడు. అమ్మ వంటింట్లో ఉంటుంది. ఇద్దరి మధ్యా ఆ కారు అడ్డం. నేనే విరగ్గొట్టి ఉంటే బాగుండేది. నాకా తెలివి రాలేదు."

బుధవారం సాయంత్రం ఎక్కడున్నారని అడిగితే, ఇంటికి వెళ్తూ దారిలో అమ్మని చూసి వెళ్ళానంది. షెడ్డు తాళంచెవి వంటింటి తలుపు పక్క మేకుకి ఉంటుందనీ, ఎవరైనా తియ్యొచ్చనీ అంది. ఆ రోజు ఏమైనా కొత్తగా కనిపించిందా అంటే ఆలోచించింది.

"కొత్తంటే ఏముంది. దీపాలు పెట్టే వేళ అమ్మ దుప్పటి ఉతుకుతూ కూర్చుంది. ఇప్పుడేమిటమ్మా అంటే మరక పడిందంది. చెయ్యి కోసుకుని మరీ ఉతకాలా అని నేనే ఆరేసి వచ్చాను."

టింకరు అద్దె గదిలో బట్టలు సర్దుకుంటున్నాడు. బక్కపల్చటి మనిషి, భుజాలు మాత్రం గట్టివి. డాక్టరు కొడుకు ఇతన్ని బక్కోడా అని పిలిచేవాడట. అతనిప్పుడు లేడు కాబట్టి ఆ పేరు పిలిచేవాళ్ళూ లేరని టింకరే అన్నాడు. సర్వేయరు మంచం అంచున కూర్చున్నాడు.

"అడ్డపైపు నువ్వే తీశావా?"

"తీశానన్నాను కదండీ."

"రేకు?"

"అదీ నేనే."

"ఎందుకు?"

"కోపమొచ్చింది."

"కోపమొస్తే పైపు కింద గుడ్డ పరుస్తావా?"

టింకరు చొక్కా మడత సరిచేసుకున్నాడు.

"పోనీలే. నాకొక అనుమానం, తీర్చు. ఇలా కుంగిన కారుకి అడ్డపైపు మళ్ళీ బిగించాలంటే కుదరదా? చిల్లులు కలవవు కదా?"

"ఎందుక్కలవవు? తలుపు కింద గడపకి జాకీ పెట్టి మెల్లగా లేపితే చిల్లు దానంతటదే ఎదురొస్తుంది. రెండు నిమిషాల పని," అన్నాడు టింకరు. అన్నాక సర్వేయరు ముఖంలోకి చూశాడు. ఏదో జారవిడిచానని అతనికి అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు.

స్క్రాపువాడి దగ్గరికి మేనకోడల్ని పంపాడు సర్వేయరు. ఆమె ముక్కు ఎగబీలుస్తూ తిరిగొచ్చింది, పాత ఇనుము దుమ్ముకి. ఎడమవైపు రేకు ముక్కలూ, మడ్‌గార్డు తునకలూ తప్ప ఆ ఇంట్లో తనకేమీ దొరకలేదని వాడు వాపోయాడట. పెద్ద రేకుంటుందంటే పెద్ద బండి తోలుకెళ్ళాను, దండగ అన్నాడట.

"అయితే కుడి రేకేమైంది మావయ్యా? తుప్పు పట్టిన రేకు ఎవరెత్తుకుపోతారు?" అంది.

"అది తేలితే అన్నీ తేలినట్టే. రేపు అందర్నీ షెడ్డుకి రమ్మను," అన్నాడు సర్వేయరు. ఆయన ముఖంలో ఎప్పుడూ కనబడే హుషారు లేదు. కేసు తేలిన రోజున మావయ్య రెండు కప్పుల టీ తాగుతాడు. ఆ రోజు మొదటి కప్పే చల్లారిపోయింది.

శనివారం సాయంత్రం షెడ్డులో అయిదు స్టూళ్ళు వేశారు. డాక్టరు, కూతురు, టింకరు, సర్వేయరు, మేనకోడలు కూర్చున్నారు. డాక్టరు భార్య లోపలికి రాలేదు. గుమ్మం బయటే చెక్కకి ఆనుకుని నిలబడింది. ఆవిడ రాకపోయినా పర్వాలేదని డాక్టరు అన్నాడు గానీ, అక్కడ ఉన్నా చాలన్నాడు సర్వేయరు. డాక్టరు ఒళ్ళో మడత పెట్టిన కాగితం ఉంది. అది కంప్లెయింటని అందరికీ తెలుసు.

"ఇది చేసినవాళ్ళకి కారు మీద కక్ష లేదు," అని మొదలుపెట్టాడు సర్వేయరు. "కక్ష ఉన్నవాడికి సుత్తి చాలు, ఇక్కడ సుత్తులకి కొదవలేదు. వీళ్ళు పైపు ఊడదీసి కింద గుడ్డ పరిచారు. నట్లు పోకుండా బోల్టులకే ఎక్కించారు. వస్తువుల్ని జాగ్రత్తగా పెట్టుకునే అలవాటున్నవాళ్ళు."

"టింకరుకి ఆ అలవాటుంది," అన్నాడు డాక్టరు.

"ఉంది. కానీ ఈ గీతలు చూడండి." సర్వేయరు లేచి వెనక స్తంభం దగ్గర వేలు పెట్టాడు. "ఇవి పైపు చివర గీసిన గీతలు. పైపు తీశాక కారు కుంగింది. కంగారుపడి దాన్ని మళ్ళీ బిగించాలని చూశారు. ముందు చివర పట్టింది, వెనక చివర చిల్లు దాటి ఇంకా వెనక్కి పోయింది. మళ్ళీ మళ్ళీ చూశారు, కుదరక గోడకి పెట్టేశారు. చెడగొట్టాలనుకున్నవాడు తిరిగి బిగించాలని చూడడు. బిగించడం వచ్చినవాడికి జాకీ పెట్టాలని తెలుసు. టింకరు నిన్న ఆలోచించకుండా చెప్పాడు. డాక్టరుగారూ, మీకూ తెలుసు. కాబట్టి మీ ఇద్దరూ కాదు. ఈ పని తెలియని మనిషి."

కూతురు తన వైపు చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది.

"మీరూ కాదమ్మా. మీకు కారు పోవాలని ఉంది. పోతుంటే బాగుచెయ్యబోయేంత ఓపిక మీకు లేదు. ఇంతకీ పైపెందుకు తీశారు? దాని వెనక ఉన్నది బయటికి లాగడానికి. ఇద్దరుంటే రేకుని పైనించి ఎత్తి తియ్యొచ్చు. ఒక్కరే ఉంటే, అంత బలం లేకపోతే, తలుపు తెరిచి గుమ్మంలోంచి లాక్కోవాలి. గుమ్మానికి పైపు అడ్డం. మనమంతా కారుకి ఏం జరిగిందని చూశాం. కారుకి జరిగింది వాళ్ళనుకున్నది కాదు. వాళ్ళకి కావలసింది రేకు. అది స్క్రాపువాడికి చేరలేదు."

"తుప్పు రేకు ఎవరికి కావాలండీ?" అన్నాడు డాక్టరు.

సర్వేయరు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. చెప్పాలని లేదని మేనకోడలికి తెలిసింది. కానీ కాగితం డాక్టరు ఒళ్ళో ఉంది, టింకరు పెట్టె సర్ది ఉంది.

"డాక్టరుగారూ, కుడిచేతి వాటమున్న మనిషి కూర తరిగితే ఏ చెయ్యి తెగుతుంది?"

"ఎడమ," అన్నాడు డాక్టరు.

"మీ ఆవిడకి కుడిచెయ్యి తెగింది. నాలుగు వేళ్ళూ ఒక్కలాగే, లోపలివైపు. పదునైన రేకు అంచు పట్టుకుని లాగితే అలా తెగుతుంది. బుధవారం సాయంత్రం ఆవిడ ఉతికిన దుప్పటి మీద మరక రక్తానిది ఒక్కటే కాదు, తుప్పుది కూడా. ఆ దుప్పట్లో చుట్టి ఈడ్చుకెళ్ళారు. ఆ రాత్రి మీరు షెడ్డుకి రాకుండా ఆపిన చిన్న పని ఏమిటో ఇప్పుడు చెప్పండి."

"కుట్లు వేశాను," అన్నాడు డాక్టరు.

"ఎలా తెగిందని అడిగారా?"

"అడిగాననుకుంటా."

"అడగలేదు," అంది గుమ్మం బయటినించి భార్య.

అందరూ అటు తిరిగారు. ఆవిడ లోపలికి వచ్చింది. రెండేళ్ళలో ఆ షెడ్డు గడప లోపలికి ఆవిడ రావడం భర్త చూస్తుండగా అదే మొదలు. కూతురు లేచి చెయ్యి పట్టుకోబోతే వద్దంది.

"బుధవారం మధ్యాహ్నం కోస్తున్న చప్పుడు వినపడి వచ్చాను. మీరు మళ్ళీ క్లినిక్కుకి వెళ్ళిపోయారు. ఈ అబ్బాయి మనవాడు కూర్చునే వైపు కోస్తున్నాడు. ఏం చేస్తారు దాన్ని అంటే, స్క్రాపువాడికి వేస్తామమ్మా, పొద్దున్నే వస్తాడు అన్నాడు. ఈ అబ్బాయి వెళ్ళాక తీసుకున్నాను. పానా ఎటు తిప్పితే వదులవుతుందో వంటింటి కుళాయి బాగుచేస్తూ మనవాడే చెప్పాడు నాకు. పైపు ఊడగానే కారు మూలిగింది. మళ్ళీ పెడదామంటే పైపు పొడుగైపోయింది. ఎంత చూసినా పట్టలేదు."

టింకరు తల వంచుకున్నాడు. గురువారం పొద్దున రేకు లేకపోవడం చూడగానే తనకి అర్థమైందని మెల్లగా చెప్పాడు. స్క్రాపని అన్నది తన నోరే కాబట్టి తప్పూ తనదే అనుకున్నాడట. అమ్మ పేరు బయటికి రావడం కన్నా ఉద్యోగం పోవడమే నయమనిపించిందట.

"నాతో చెప్పొచ్చు కదా," అన్నాడు డాక్టరు భార్యతో.

"ఎప్పుడు చెప్పను?"

డాక్టరుకి సిగ్గేసింది. ముఖం, మెడ, చెవులు వేడెక్కేంత సిగ్గు. కొడుకు పోయాక ఆయనకంటూ ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. భార్య వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని కుట్లు వేస్తూ, దారం ఎంత దూరంలో పడుతోందో చూశాడు గానీ ఆవిడ ముఖం చూడలేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది.

ఒళ్ళోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. లేచి టింకరు దగ్గరికి వెళ్ళి, తప్పు మాటన్నానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. టింకరు పనిలోకి దిగాడు. జాకీ లాక్కొచ్చి గడప కింద పెట్టి, మధ్యలో చెక్క వేసి, పిడి తిప్పడం మొదలుపెట్టాడు. సర్వేయరు పైపు పట్టుకున్నాడు. కారు మెల్లగా లేచింది. పైపు చిల్లూ స్తంభం చిల్లూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి ఆగాయి. కూతురు కిటికీ అరుగు మీది బోల్టులు అందించింది. ఆదివారం సాయంత్రానికల్లా కొత్త రేకు వేసేస్తాననీ, రాత్రి బండికి వెళ్ళినా సోమవారం అందుకుంటాననీ టింకరు చెప్పాడు. వద్దనే ధైర్యం డాక్టరుకి లేకపోయింది.

భార్య ఇంట్లోకి నడిచింది. డాక్టరు వెనకే వెళ్ళాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన మేనకోడలికి పడగ్గది తలుపు తెరిచే ఉండటం కనిపించింది. చూడకూడదనుకుంటూనే ఆగింది.

ఆవిడ వంగి, మంచం కిందినించి ఎడమచేత్తో రేకు లాగుతోంది. రాకపోతే డాక్టరు కూడా వంగి అంచు పట్టుకున్నాడు. వేళ్ళు జాగ్రత్త అంది ఆవిడ. చిల్లులు పడి, పొరలు లేచి, ఎర్రగా పొడి రాలుతున్న రేకు గచ్చు మీదికి వచ్చింది. యాక్సిలరేటరు పెడలు ఉండే చోటికి కాస్త కింద రంగు పూర్తిగా అరిగి, అరచేతి గుంటంత లోతు పడి ఉంది. మడమ ఆనించి ఆనించి పడిన గుంట.

"నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు డాక్టరు.

"మీకు తుప్పే కనపడింది."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఆ పైన కుడికాలు చాపి, మడమ ఆ గుంటలో పెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని ఆయనకి తోచలేదు.

భార్య పక్కన కూర్చుని ఆ కాలి వైపు చూసింది.

"కాస్త బయటికి తిప్పండి," అంది. "వాడి పాదం వంకర కదా."

ఆయన పాదం కాస్త బయటికి తిప్పాడు.